గోడవతల స్విచ్చి

జర్మన్ మాట్లాడే దేశాల రాజనీతి పండితులు, దేశాలు ఒకదానితో ఒకటి ఎందుకు కలుస్తాయి, ఎంతవరకు కలుస్తాయి, కలిశాక ఎందుకు సణుక్కుంటాయి అన్న విషయం మీద కొన్ని దశాబ్దాలుగా లావుపాటి పుస్తకాలు రాస్తున్నారు. ఆ పుస్తకాలు చదివామని చెప్పుకునేవాళ్లు మా యూనివర్సిటీలో ఇద్దరే. ఒకణ్ణి నేను. రెండో ఆయన నా పక్క గదిలో ఉంటాడు. మేమిద్దరం మాట్లాడుకోం.

నా పేరు పరాంకుశం. ఆయన గజపతి నాయుడు. నేను స్విట్జర్లాండులో ఒక చలికాలం, ఆయన జర్మనీలో ఒక వేసవికాలం గడిపి ఒకే ఏడాది తిరిగొచ్చాం. చుట్టుపక్కల పెద్ద దేశాలన్నీ యూరోపియన్ యూనియన్‌లో చేరినా తాను బయటే నిలబడి, కావలసినవి మాత్రం ఒప్పందాల మీద తెచ్చుకునే దేశం నుంచి వచ్చాను గనక, ఎవరికెంత అవసరమో అంతే కలవాలన్నది నా వాదం. చిన్న పనిలో కలిస్తే చాలు, అదే పెద్ద పనుల్లోకి లాక్కుపోయి చివరికి అందర్నీ ఒకటి చేస్తుందన్నది ఆయన వాదం. నన్ను ఖండిస్తూ ఆయన ఒక వ్యాసం రాశాడు. ఆ ఖండనను ఖండిస్తూ నేనొకటి రాశాను. ఈ వివాదంలో యూరప్ ఇంతవరకూ జోక్యం చేసుకోలేదు.

రాష్ట్రం రెండుగా విడిపోయేటప్పుడు ఏకీకరణ నిపుణుడినైన నన్ను ఒక్క టీవీ చానెల్ వాడూ పిలవలేదు. బాధపడ్డాను. గజపతిని కూడా పిలవలేదని తెలిశాక తేరుకున్నాను.

మొదట్లో మాకిచ్చింది ఒకే హాలు. తలుపు మీద ‘ఏకీకరణ అధ్యయన కేంద్రం’ అని బోర్డు ఉండేది. ఖండనలు మొదలయ్యాక హాలు మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. ఏకీకరణ అధ్యయన కేంద్రాలు రెండయ్యాయి. గోడ పెట్టినవాళ్లు వైరింగు జోలికి పోలేదు. దాంతో నా గది ట్యూబులైటు స్విచ్చి గజపతి గదిలో ఉండిపోయింది. ఆయన నెత్తిమీద తిరిగే ఫ్యాను స్విచ్చి నా గదిలో ఉండిపోయింది. కిటికీలన్నీ ఆయన వైపు పోయాయి గనక మిట్టమధ్యాహ్నం కూడా నాకు లైటు కావాలి. ఆ కిటికీలు పడమటి ఎండకు ఎదురుగా ఉన్నాయి గనక ఆయనకు ఫ్యాను లేనిదే క్షణం గడవదు. వైరింగు మార్పించమని ఇంజనీరింగ్ సెక్షన్‌కు వెళ్లి అడిగితే, రెండు కేంద్రాల అధిపతులూ కలిసొచ్చి అడగాలన్నారు. ఇక ఆ ఊసెత్తలేదు.

అయితే పని మాత్రం ఏనాడూ ఆగలేదు. పొద్దున రాగానే నేను ప్లైవుడ్ మీద వేలి కణుపుతో ఒకసారి టక్‌మనిపించేవాణ్ణి. అవతల ఆయన చెయ్యి చాచి నా లైటు వేసేవాడు. కాసేపటికి అటునుంచి టక్‌మనేది. నేను ఆయన ఫ్యాను వేసేవాణ్ణి. ఇంటికి వెళ్లేటప్పుడు రెండుసార్లు కొడితే ఆర్పడం. ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. దీని గురించి మాలో ఎవరం వ్యాసం రాయలేదు. రాయదగ్గ విషయమని కూడా తోచలేదు.

మా ఇద్దరికీ కలిపి ఒక్కతే పరిశోధక విద్యార్థిని. పేరు నీలవేణి, ఊరు పాలకొండ దగ్గర. ఆమెకు మేమిద్దరం ఉమ్మడి గైడులం. ఆమె కుర్చీ మా రెండు గుమ్మాల మధ్య వరండాలో ఉండేది. నేను కొట్టేసిన పేరాను ఆయన మళ్లీ రాయించేవాడు, ఆయన మెచ్చుకున్న అధ్యాయాన్ని నేను సగానికి కోయించేవాణ్ణి. ఇంత నలిగీ ఆ పిల్ల థీసిస్ పూర్తిచేసి సమర్పించింది. సాలూరు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి కూడా ఎంపికయింది. ఒకటే షరతు. జూన్‌లో కాలేజీ తెరిచేలోగా డాక్టరేటు వచ్చి ఉండాలి. రాకపోతే ఆ ఉద్యోగం ఆమె తర్వాతి వాళ్లకు పోతుంది. మిగిలింది మౌఖిక పరీక్ష ఒక్కటే. మే నెలలో పెట్టేద్దాం, దానికేముందమ్మా అని ఇద్దరం విడివిడిగా హామీ ఇచ్చాం.

ఈలోగా జనవరిలో ఆచరణ సర్క్యులర్ వచ్చింది.

ప్రతి శాఖా తాను బోధించేదాన్ని తానే ఆచరించి చూపాలని దాని సారాంశం. వృక్షశాస్త్రం వాళ్లు కూరగాయలు పండించాలి. వాణిజ్యశాఖ లాభాలు తేవాలి. మనస్తత్వశాఖలో ఎవరూ ఎవరి మీదా అరవకూడదు. చరిత్ర శాఖకు ఏం చెప్పారో నాకు తెలియదు గానీ, వాళ్లు కిందటేడు చేసిన కార్యక్రమాన్నే మళ్లీ చేశారు. తత్వశాస్త్రం వాళ్లు ఆలోచించుకోవడానికి గడువు అడిగారు.

మమ్మల్నిద్దర్నీ వీసీ గారు తన చాంబర్‌కు పిలిపించారు. ఆయన లోహశాస్త్రం మనిషి, రెండు ముక్కలు కనిపిస్తే అతికించాలని చూస్తారు.

“ప్రొఫెసర్స్, బోధనకూ ఆచరణకూ మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చడమే మన విజన్. మీరేమో దేశదేశాల ఏకీకరణ మీద అంతర్జాతీయ స్థాయి నిష్ణాతులు. మీ కేంద్రాలేమో రెండు. మధ్యలో ఒక గోడ. రేపు పరిశీలక బృందం వస్తే సంస్థాగత ప్రతిష్ఠ దృష్ట్యా ఇది సమర్థనీయమేనా?”

“ప్లైవుడ్డే కదండీ, సాయంత్రానికి పీకించేస్తాను” అన్నారు పక్కనే ఉన్న రిజిస్ట్రారు గారు.

మేమిద్దరం ఒకేసారి కుర్చీల్లోంచి లేచాం.

“గోడ పీకేస్తే ఏకీకరణ అయిపోదండీ. అదొక ప్రక్రియ” అన్నాడు గజపతి.

నేను తలూపాను. ఊపుతున్నట్టు గుర్తించి ఆపేశాను.

“ప్రక్రియా? అయితే ప్రక్రియ ప్రకారమే వెళదాం” అన్నారు వీసీ గారు సంతోషంగా. “మీ ఇద్దరితో ఒక ఉమ్మడి మండలి ఏర్పాటు చేస్తున్నాను. మొదట ఏ రంగంలో కలవాలో మండలి తీర్మానిస్తుంది. సినర్జీ దానంతటదే ఉత్పన్నమవుతుంది.”

యూరప్ వాళ్లు బొగ్గుతో, ఉక్కుతో మొదలుపెట్టారు. మా దగ్గర అవి లేవు. ఉన్నవల్లా ఒక లైటు, ఒక ఫ్యాను.

మొదటి సమావేశం వరండాలో, నీలవేణి కుర్చీకి అటొకరం ఇటొకరం కూర్చుని జరుపుకున్నాం. మినిట్స్ జర్మన్‌లో రాయాలని గజపతి ప్రతిపాదించాడు. నాకా భాష సరిగ్గా రాదని ఆయనకు తెలుసు. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆయనకూ రాదని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే నేను జర్మన్‌లో రొట్టె కొనగలను. ఆయన రైలెప్పుడొస్తుందని అడగగలడు, జవాబు మాత్రం అర్థం చేసుకోలేడు. ఇద్దరం చదివింది ఇంగ్లీషు అనువాదాల్లోనే. చివరికి మినిట్స్ తెలుగులో రాసి, జర్మన్ స్ఫూర్తితో ఆమోదించాం.

రెండో సమావేశంలో పరస్పరత ప్రశ్న వచ్చింది. ఫ్యాను తిరిగినంతసేపూ లైటు వెలగాలి, లైటు వెలిగినంతసేపూ ఫ్యాను తిరగాలి, అదే న్యాయమన్నాడు ఆయన. ఫ్యానుకు రకరకాల వేగాలున్నాయి, లైటుకు ఒకటే వెలుగు, కాబట్టి ఎంత వేగం ఎంత వెలుగుకు సమానమో ముందు తేలాలన్నాను నేను. తేల్చడానికి ఉపసంఘం వేశాం. అందులో ఆయనా నేనూ సభ్యులం.

మినిట్స్ రాస్తున్న నీలవేణి కలం పక్కన పెట్టింది. “సార్, ఇన్నాళ్లూ టక్కుమంటే వేసీవోరు గదా. అదే రాసీస్తే అయిపోదా సార్?”

“అది అలవాటమ్మా. అలవాటుకి చట్టబద్ధత ఏటుంటాది?” అన్నాడు గజపతి.

“చట్టబద్ధత లేనిది ఏకీకరణ కాదు. ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవిస్తున్నానని ఆయనతో చెప్పమ్మా” అన్నాను.

ఆమె ఆయన వైపు తిరిగి చెప్పింది. తాను విన్నానని చెప్పమన్నాడు ఆయన.

ఒప్పందం మీద సంతకాలు వీసీ గారి చాంబర్‌లో జరిగాయి. పూలదండలు వేశారు, ఫొటోలు తీశారు. నిబంధనలు చాలానే ఉన్నాయి గానీ నాలుగోది ముఖ్యం. ఉభయ కేంద్రాల ఏకగ్రీవ తీర్మానం లేకుండా ఏ స్విచ్చీ వేయరాదు, ఆర్పరాదు. గోడ మీద కొట్టడం చెల్లదు. విధివిధానాలు ఖరారయ్యేదాకా, సంతకాలు చేసిన క్షణంలో ఉన్న యథాతథ స్థితే కొనసాగుతుంది.

సంతకాలు చేసిన క్షణంలో మేమిద్దరం చాంబర్‌లో ఉన్నాం. మా గదులు తాళాలు వేసి ఉన్నాయి. లైటు ఆరి ఉంది. ఫ్యాను ఆగి ఉంది.

మర్నాడు పొద్దున అలవాటు చొప్పున టక్‌మనిపించాను. లైటు వెలగలేదు. కాసేపటికి గోడవతల నుంచి గొంతు వినిపించింది. “నీలవేణమ్మా, సార్‌కి చెప్పు. నాలుగో నిబంధన.”

మధ్యాహ్నం అటునుంచి టక్‌మంది. స్విచ్చి నా మోచేతి పక్కనే ఉంది. “నీలవేణీ, సార్‌కు నాలుగో నిబంధన గుర్తుచెయ్యి” అన్నాను. అంత ఆనందం నాకు ఏ పుస్తకం చదివినప్పుడూ కలగలేదు.

ఈ పరిస్థితికి జర్మన్ పండితుల దగ్గర ఒక మాట ఉంది. పొలిటిక్‌ఫెర్‌ఫ్లెష్టుంగ్స్‌ఫాలె. అది పలికేలోగా చేతిలో టీ చల్లారిపోతుంది. ఉమ్మడి నిర్ణయాల ఉచ్చు అని చెప్పుకోవచ్చు. అందరూ ఒప్పుకుంటేనే ఏదైనా చెయ్యాలని రాసుకున్నవాళ్లు, రాసుకున్నది అందర్నీ ముంచుతున్నా మార్చుకోలేరు. మార్చాలన్నా అందరూ ఒప్పుకోవాలి కదా. దీని మీద ఇరవయ్యేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ పాఠం ఇప్పుడు సెల్‌ఫోను టార్చి వెలుతురులో చెప్పసాగాను. టేబుల్ లైటు తెచ్చుకోవచ్చు కదా అని మా ఆవిడ అంది. అది ఏకపక్ష చర్య అవుతుందని, అలాంటి చర్యలను నా వ్యాసంలో నేనే దుయ్యబట్టానని చెప్పాను. గోడవతల గజపతి తడి తువ్వాలు మెడకు చుట్టుకుని నెట్టుకొస్తున్నాడని తెలిసింది. విసనకర్ర తెచ్చుకోవడం ఒప్పందానికి విరుద్ధమా కాదా అని ఆయన ఉపసంఘానికి నివేదించాడు. ఉపసంఘంలో నేను వ్యతిరేకించాను.

మార్చిలో వీసీ గారు మమ్మల్ని సెనేట్ సమావేశంలో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు.

“ఏకీకరణ అనంతరం ఉభయ కేంద్రాల్లోనూ విద్యుత్ వినియోగం గణనీయంగా క్షీణించింది. ఇది పరస్పరాధారిత సుస్థిర నమూనా. దీన్ని విశ్వవిద్యాలయ స్థాయికి విస్తరిస్తున్నాం.”

విస్తరించారు. ఇంజనీరింగ్ సెక్షన్, ఇద్దరు మనుషులు కలిసొచ్చి అడిగితే గానీ ఒక తీగ ముట్టుకోని ఇంజనీరింగ్ సెక్షన్, రెండు వారాల్లో మొత్తం యూనివర్సిటీని తిరగేసింది. ప్రతి శాఖ స్విచ్చినీ ఇంకో శాఖ గోడకు బిగించారు. తెలుగు శాఖ లైట్లు గణితం వాళ్ల చేతికి వెళ్లాయి. రసాయనశాఖలో పొగ లాగే ఫ్యాను కోసం లైబ్రరీకి మనిషిని పంపాల్సి వచ్చేది. రిజిస్ట్రారు గారి ఏసీ స్విచ్చి పరీక్షల విభాగంలో పెట్టారు. ఎన్నాళ్లుగానో ఆగిపోయిన పరీక్షల విభాగం బిల్లులన్నీ ఆ వారమే పాసయ్యాయి.

చిన్న పనిలో కలిస్తే పెద్ద పనుల్లోకి లాక్కుపోతుందన్న తన సిద్ధాంతం నిజమైందని గజపతి ఒక వ్యాసం రాశాడు. దాన్ని నేను టార్చి వెలుతురులో చదివాను.

మే నెల వచ్చింది. నీలవేణి నా గుమ్మంలో నిలబడింది. లోపల చీకటి గనక నేనెక్కడున్నానో కాసేపు వెతుక్కుంది.

“సార్, వైవా పెట్టాలి గదా. వియన్నా నుంచి ఎగ్జామినర్ లింట్నర్ మేడం తేదీ ఇచ్చీసారు. కంప్యూటర్లో చూస్తారట. మీరూ, గజపతి సారూ ఒకే గదిలో కూర్చోవాలి.”

“ఏ గదిలో?”

ఉమ్మడి కార్యక్రమం ఎవరి గదిలో జరగాలన్నా ఉమ్మడి మండలి ఏకగ్రీవంగా తీర్మానించాలి. నా గదిలో వద్దని ఆయన వీటో చేశాడు. ఆయన గదిలో వద్దని నేను. సెమినార్ హాలు మధ్యేమార్గమని ఇద్దరం అనుకున్నాం గానీ దాని లైట్ల స్విచ్చి వ్యాయామ విద్యాశాఖలో ఉంది. వ్యాయామ విద్యాశాఖ తాళం వేసుకుని కబడ్డీ జట్టుతో ఊరెళ్లింది.

“జూన్ దాటితే నా ఉద్యోగం పోద్ది సార్” అంది నీలవేణి. గొంతు పెంచలేదు. “నా జీతం వొస్తాదనే మా తమ్ముడు చదువు మానకుండా ఉన్నాడు. మీ ఇద్దర్లో ఎవరు గెలిచినా నాకు ఇష్టమే. జూన్‌లోగా గెలవండి సార్.”

నాకు సిగ్గేసింది. ఆ చీకట్లో ఆ పిల్లకు నా మొహం కనిపించనందుకు మొదటిసారి ఒప్పందానికి కృతజ్ఞత చెప్పుకున్నాను. లేచి పక్క గదికి వెళ్లి, ఏమండీ, ఇది పిచ్చిపని, ఆపేద్దాం అందామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లాను కూడా. అక్కడ ఒక ఆలోచన నన్ను ఆపేసింది. ఈ భూమండలం మీద నా వ్యాసాలు చివరిదాకా చదివే మనిషి గజపతి ఒక్కడే. ఖండించడానికే అయినా చదువుతాడు. రాజీపడితే ఇక ఎందుకు చదువుతాడు? తిరిగొచ్చి కూర్చున్నాను. ఆయనా ఆ రోజు తన గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లాడని తర్వాత నీలవేణి చెప్పింది.

చివరికి ఎవరి గదిలో వాళ్లం, ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లం కూర్చునేలా తీర్మానమయింది. నీలవేణి వరండాలో తన కుర్చీలోనే ల్యాప్‌టాప్ పెట్టుకుంది. వీసీ గారు తెర మీదకొచ్చి స్వాగతోపన్యాసం మొదలుపెట్టారు. “పరస్పరాధారిత...” అన్న మాట దగ్గర చీకటైపోయారు. ఆయన చాంబర్ లైటు వృక్షశాస్త్రం వాళ్ల దగ్గరుంది. వాళ్లు వంకాయలకు నీళ్లు పెట్టి, స్విచ్చిలన్నీ ఆర్పి, తాళం వేసుకుని ఇళ్లకు వెళ్లే వేళ అయింది.

లింట్నర్ మేడం తెల్లజుట్టు మనిషి, తొందరలేని మనిషి. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న పరీక్షకు సంబంధించింది కాదు.

“ప్రొఫెసర్ పరాంకుశం ఉన్నారా? నాకక్కడ నల్లటి పెట్టె కనిపిస్తోంది.”

“ఉన్నాను మేడం” అన్నాను చీకట్లోంచి.

“ప్రొఫెసర్ గజపతికి ఒంట్లో బాగాలేదా? తడిసిపోయి ఉన్నారు.”

“బాగుంది మేడం. కొంచెం ఉక్కపోత.”

“మీరిద్దరూ వేరువేరు ఊళ్ల నుంచి మాట్లాడుతున్నారా?”

“పక్కపక్క గదులే మేడం” అంది నీలవేణి.

పరీక్ష బాగానే సాగింది. ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. చిక్కంతా చివరి అధ్యాయం దగ్గర వచ్చింది. ఆ అధ్యాయాన్ని నేను చదవలేదు. గజపతి కొట్టేస్తాడులే అనుకున్నాను. నేను కొట్టేస్తానులే అని ఆయనా చదవలేదు. అందుకే అందులో ఒక్క పేరా కూడా పోకుండా మిగిలింది. దేశాల మధ్య కాగితం మీదకెక్కని చిన్నచిన్న సర్దుబాట్లు ముందే ఉంటాయని, వాటిని పట్టించుకోకుండా రాసే ఒప్పందం ఒక్కోసారి ఉన్న కలయికనే ఆపేస్తుందని అందులో ఉంది.

“ఆసక్తికరమైన మాట” అంది లింట్నర్ మేడం. “కానీ మీరిచ్చిన ఉదాహరణలన్నీ ఎలాగైనా అర్థం చేసుకోవచ్చు. ఒప్పందం ఆపేశాక కూడా ఆ పాత సర్దుబాటు బతికే ఉందని చూపించగలరా? రుజువు లేకపోతే, సవరించి మళ్లీ సమర్పించమని రాయాల్సి వస్తుంది. క్షమించండి.”

మళ్లీ సమర్పించడమంటే జూన్ కాదు, డిసెంబరు. ఏదో అడ్డుపడి మాట్లాడాలనుకున్నాను. ఏ పుస్తకంలోని మాటా గుర్తురాలేదు. నీలవేణి తెర మీద తలొంచుకుని కూర్చుంది. తర్వాత తలెత్తి, “ఒక్క నిమిషం మేడం” అంది. ఆమె కుర్చీ ఖాళీ అయింది.

చెప్పుల చప్పుడు నా గదిలోకి వచ్చింది. నా వెనక నుంచి నడిచి ప్లైవుడ్ దగ్గర ఆగింది. టక్.

నా లైటు వెలిగింది.

నేను కళ్లు చిట్లించాను. నా తెర మీద, నా పెట్టెలో, బూజుపట్టిన అలమరాల ముందు నోరు తెరుచుకున్న ఒక ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. పక్క పెట్టెలో గజపతి చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది. ఆయన ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఒప్పందం మీరింది ఆయన, నేను కాదు.

అప్పటికే చెప్పుల చప్పుడు అవతలి గదికి చేరింది. టక్.

గోడవతల ఫ్యాను కిర్రుమంటూ కదిలింది. ఒప్పందం నాటి నుంచి పేరుకున్న దుమ్మూ, ఆయన బల్ల మీది కాగితాలూ తెర నిండా లేచాయి. ఆయన మొహం మీదకు గాలి వచ్చింది, కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. నేను నా మోచేతి వైపు చూసుకున్నాను. నా వేలు స్విచ్చి మీద ఉంది.

నీలవేణి తన కుర్చీలోకి తిరిగొచ్చి, జరిగిందేమిటో, నాలుగో నిబంధన ఏమిటో వివరించింది. లింట్నర్ మేడం అదంతా రాసుకుంది. తర్వాత మా ఇద్దర్నీ చూసి అడిగింది.

“ఒప్పందం ఉండగా ఎందుకు వేశారు?”

నా దగ్గర మూడు సిద్ధాంతాలున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. గజపతి మాట కంప్యూటర్‌లోంచీ, ప్లైవుడ్‌లోంచీ రెండుసార్లు వినిపించింది.

“అలవాటండి.”

“ప్రొఫెసర్ పరాంకుశం?”

“ఆయనతో ఏకీభవిస్తున్నాను మేడం” అన్నాను. ఆయనతో చెప్పమని ఎవరికీ చెప్పలేదు.

లింట్నర్ మేడం కళ్లజోడు తీసి తుడుచుకుని, డాక్టరేటుకు సిఫార్సు చేస్తున్నానంది.

జూన్‌లో నీలవేణి సాలూరు వెళ్లిపోయింది. వెళ్లేముందు ఇద్దరి కాళ్లకూ విడివిడిగా దణ్ణం పెట్టింది. వరండాలో ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని ఎవరు తీయించాలో మండలి ఇంకా తేల్చలేదు. ఆమె థీసిస్ పుస్తకంగా వస్తుందట. అందులో మేము ‘మొదటి దేశం’, ‘రెండో దేశం’ అన్న పేర్లతో ఉన్నాం. ఎవరు మొదటి దేశమన్న దాని మీద నేనొక వ్యాసం రాస్తున్నాను. గోడవతల కూడా కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది.

ఒప్పందం అమల్లోనే ఉంది. రద్దు చెయ్యాలంటే ఏకగ్రీవ తీర్మానం కావాలి. నిన్న మధ్యాహ్నం ప్లైవుడ్ మీద టక్‌మంది. నాలుగో నిబంధన ప్రకారం అది చెల్లదు. ఫ్యాను వేశాను. ఈ సంగతి వీసీ గారి దాకా పోకుండా చూడాలన్న విషయంలో మా ఇద్దరికీ, సంప్రదింపులేవీ లేకుండానే, పూర్తి ఏకాభిప్రాయం ఉంది.